ఒత్తు ఊడిందంటే తప్పు బ్లేడుది కాదు

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఇప్పుడు ఓణీల ఫంక్షన్‌కో, సీమంతానికో వెళ్తే స్టేజీ వెనక పేరు థర్మాకోల్‌లో కనబడడం తగ్గింది. గ్లిట్టర్ షీట్‌లో కత్తిరించిన అక్షరాలు, కేకు మీద గుచ్చే పేర్లు, పచ్చళ్ల సీసాల మీద అచ్చు అంచు వెంబడి తెగిన స్టిక్కర్లు వచ్చేశాయి. వీటిలో చాలా భాగం క్రికట్, సిల్హౌట్ క్యామియో, బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్ వంటి చిన్న కటింగ్ మిషన్ల మీద ఇళ్లలోనే తయారవుతున్నాయి. మిషను కొని నెల తిరక్కుండానే దుప్పటి కప్పి అటక మీద పెట్టినవాళ్లూ తక్కువేం లేరు. వాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: ఇంగ్లీషు పేర్లు బాగానే తెగుతున్నాయి, తెలుగు పెడితే చెడిపోతోంది అని. మిషనుకు భాష తెలియదు. దానికి మనం పంపే గీతే చెడిపోయి వెళ్తోంది. ఆ గీతను డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఎలా సరిచేయాలో అమ్మేవాళ్లు చెప్పడం లేదు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు ఒక సంగతి. ఫోనులో ఉన్న బొమ్మ చుక్కల గుంపు. కటింగ్ మిషనుకు కావలసింది గీత. ముగ్గులో చుక్కలు ఎన్ని పెట్టినా వాటి చుట్టూ గీత తిప్పందే ముగ్గు కాదు కదా, ఇదీ అంతే. జేపీజీ, పీఎన్‌జీ చుక్కలు. ఎస్‌వీజీ, డీఎక్స్‌ఎఫ్ గీతలు. గీత ఎక్కడ మొదలై ఎక్కడ మూతపడిందో, దాని మీద బ్లేడు నడుస్తుంది. రంగు, నీడ, గీత మందం దానికి పట్టవు. తెర మీద 4 మి.మీ. మందంగా కనబడే గీతను పంపితే, దాని నడిమధ్యన వెంట్రుకవాసి గాటు ఒక్కటే పడుతుంది. "అంత లావు అక్షరం పెడితే ఇలా సన్నగా తెగిందేంటి" అన్న ఫిర్యాదుకు కారణం ఇదే.

ఇక తెలుగు. ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన నిలబడితే చాలు. మనవి ఒకదాని కింద ఒకటి, ఒకదాని చుట్టూ ఒకటి చేరాలి. "శ్రీ" అని కొడితే కంప్యూటరుకు అందేది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు గుర్తులు. వాటిని కలిపి క్రారవడి చుట్టి చూపించే పని సాఫ్ట్‌వేర్ లోపలి అక్షర కూర్పుది. మిషనుతో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఆ కూర్పు సరిగా లేకపోతే శ పక్కన పొల్లు, ఆ పక్కన రీ విడివిడిగా పడతాయి. మిషను సాఫ్ట్‌వేర్‌లోనే నేరుగా తెలుగు టైపు చేయొద్దని అందుకే చెబుతున్నాం. ఈరోజు బాగా కనబడినా, అప్‌డేట్ వచ్చాక అలాగే ఉంటుందన్న భరోసా లేదు. అక్షరాలను వేరేచోట కూర్చి, గీతలుగా మార్చి తెచ్చుకుంటే ఏ సాఫ్ట్‌వేరూ వాటిని విడదీయలేదు.

దీనికి ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, తెలుగు యూనికోడ్‌ను చక్కగా కూరుస్తుంది, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఫాంట్లు కూడా కొననక్కర్లేదు. రామభద్ర, గిడుగు, మండలి, ఎన్టీఆర్, మల్లన్న, పొన్నాల, సూరన్న వంటివి గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, వాటితో చేసిన సరుకు అమ్ముకోవచ్చు. కటింగ్‌కు లావు గీత ఉన్నదే కావాలి. రామభద్ర తెగినంత నిబ్బరంగా పుస్తకాల అచ్చుకు చేసిన సన్నపాటి ఫాంటు తెగదు. సన్నని ఫాంటు అందంగానే ఉంటుంది, కానీ చిన్న సైజులో ఒత్తు కొస లేచిపోతుంది. ఒత్తులున్న తెలుగు మాటను వినైల్‌లో (వెనక జిగురున్న ప్లాస్టిక్ షీటులో) 15 మి.మీ. ఎత్తుకంటే చిన్నగా కొయ్యకుండా ఉండడం, గీత మందం ఎక్కడా 1 మి.మీ.కి తగ్గకుండా చూసుకోవడం మంచిది.

పని వరుస ఇది. ఫైల్ మెనూలో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి కొలతను మిల్లీమీటర్లకు మార్చండి. టెక్స్ట్ పనిముట్టుతో మాట టైపు చేయండి. అక్షరదోషాలు ఇక్కడే చూసుకోవాలి, తర్వాత దిద్దడానికి ఉండదు. అందుకే టైపు చేసిన ప్రతిని వేరే పేరుతో దాచుకోండి. ఆపైన పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కండి. మాట గీతల గుంపుగా మారుతుంది. గుంపు విడిపోయేదాకా కంట్రోల్, షిఫ్ట్, జీ కలిపి నొక్కండి. అన్నిటినీ ఎంచుకొని పాత్ మెనూలోనే యూనియన్ నొక్కండి. ఈ యూనియన్ దగ్గరే సగం మంది తప్పిపోతారు. తెలుగు ఫాంటులో తలకట్టు, కొమ్ము, దీర్ఘం వేరే ముక్కలుగా వచ్చి అక్షరం మీద ఎక్కి కూర్చుంటాయి. తెర మీద రెండూ నలుపే కాబట్టి కలిసినట్టే కనబడతాయి. యూనియన్ చేయకపోతే బ్లేడు రెండింటి అంచులూ విడిగా కోస్తుంది. కోత పూర్తయి కార్డు ఎత్తగానే అక్షరం మధ్యలో చీలికలు, ఊడిన ముక్కలు. యూనియన్ పక్కనే కంబైన్ అనే మరో ఆజ్ఞ ఉంటుంది. దాన్ని వాడితే ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోటు చిల్లు అయిపోవచ్చు. రెండూ ఒకటి కాదు.

చేసింది సరిగా ఉందో లేదో కంటితో చూసే దారి వ్యూ మెనూలో ఉంది. డిస్‌ప్లే మోడ్‌ను అవుట్‌లైన్‌కు మారిస్తే రంగు పోయి ఉత్త గీతలు మిగులుతాయి. బ్లేడు చూసేది సరిగ్గా అదే. అక్షరం లోపల అడ్డంగా గీత కనిపిస్తే యూనియన్ పడలేదని అర్థం. అన్నీ సరిగా ఉంటే ప్లెయిన్ ఎస్‌వీజీగా సేవ్ చేయండి.

డీటీపీ సెంటర్ నుంచి పేరు కొట్టించి తెచ్చుకునేవారికి మరో చిక్కు. మన దగ్గర పెళ్లి కార్డుల పని ఇప్పటికీ ఎక్కువగా అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లోనో కోరెల్‌డ్రాలోనో నడుస్తోంది. అవి యూనికోడ్ కావు. లోపల ఇంగ్లీషు గుర్తులే ఉంటాయి, పైన ఫాంటు తెలుగు వేషం వేస్తుంది. ఆ మాటను కాపీ చేసి ఇంక్‌స్కేప్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు పడతాయి. సెంటర్ అతన్ని అడగాల్సింది ఒక్కటే: కోరెల్‌లోనే మాటను ఎంచుకొని కంట్రోల్, క్యూ నొక్కి కర్వ్స్‌గా మార్చి, వెల్డ్ చేసి (ఇంక్‌స్కేప్‌లో యూనియన్ లాంటిదే), ఎస్‌వీజీగా ఎక్స్‌పోర్ట్ చేసి ఇమ్మనండి. జేపీజీ తీసుకోవద్దు. వాట్సాప్‌లో ఫొటోగా అసలే వద్దు. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదంటే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది.

ఇప్పుడు తెలుగుకే ఉన్న అసలు తంటా. యూనియన్ చేసినా కొన్ని ముక్కలు కలవవు, ఎందుకంటే అవి నిజంగానే విడిగా ఉంటాయి. చాలా ఫాంట్లలో ప, ష, స వంటి అక్షరాల తలకట్టు ఒంటికి తగలదు. ఒత్తు కింద గాలిలో ఉంటుంది. ధ, భ కింద ఉండే చిన్న నిలువు గీత సంగతీ అంతే. థ కడుపులో చుక్క ఉంది. గోడకు అతికించే వినైల్‌లో ఇదొక సమస్యే కాదు, ట్రాన్స్‌ఫర్ టేపు అన్నిటినీ ఉన్నచోట ఉన్నట్టే ఎత్తి దింపుతుంది. కేకు మీద గుచ్చే పేరు, అంటే టాపరు, అలా కాదు. అది ఒకే ముక్కగా నిలబడాలి. "లక్ష్మీప్రసన్న" అని కోస్తే చేతికి ఓ డజను ముక్కలు రాలతాయి. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, విడిగా ఉన్న ముక్కను బాణం మీటలతో కొద్దిగా జరిపి పక్కదానికి తాకించి మళ్లీ యూనియన్ చేయడం. 2 మి.మీ. అయినా ఒకదానిమీద ఒకటి ఎక్కాలి, అంచుకు అంచు తాకితే చాలదు, అక్కడే విరుగుతుంది. రెండోది, వెనక పొర వేయడం. మాటకు నకలు తీసి, ఆ నకలుకు 6 మి.మీ. మందం గల గీత ఇచ్చి, మూలలు గుండ్రంగా పెట్టి, స్ట్రోక్ టు పాత్ చేసి, ఫిల్‌తో కలిపి యూనియన్ చేస్తే అక్షరాల చుట్టూ బయటికి 3 మి.మీ. అంచు వస్తుంది. ఆ అంచులన్నీ కలిసిపోయి ఒకే మబ్బులా తయారవుతుంది. దాన్ని బంగారు రంగు కార్డులోనో తెల్ల ఐవరీ షీట్‌లోనో కోసి, పైన అక్షరాలు అతికించాలి. మా లెక్కలో తెలుగుకు ఈ రెండో దారే మేలు. మొదటి దారిలో చేయి తిరిగినవాళ్లు తప్ప మిగతావాళ్లు అక్షరం సొంపు చెడగొడతారు.

స్టెన్సిల్ దీనికి తిరగేసిన లెక్క. అక్కడ అక్షరం పోయి చుట్టూ ఉన్న రేకు మిగలాలి. సున్న లోపలి గుండ్రం, ర కడుపు, ఠ కడుపు రాలిపోతాయి. తోలుబొమ్మ చేసేవాళ్లు నగల చిల్లులు ఎన్ని పొడిచినా మధ్యలో తోలు తెగకుండా ఉంచినట్టే, ప్రతి కడుపుకూ కనీసం రెండు చోట్ల 1.5 నుంచి 2 మి.మీ. వెడల్పు కడ్డీ వదలాలి. ఇంక్‌స్కేప్‌లో సన్నని దీర్ఘచతురస్రం గీసి అక్షరం మీద పెట్టి, రెండింటినీ ఎంచుకొని పాత్ మెనూలో డిఫరెన్స్ నొక్కితే కడ్డీ తయారవుతుంది. మార్కాపురం పలక మీద పేరు వేయాలనుకునేవాళ్లకు వినైల్ అతికించడం కంటే ఇలా స్టెన్సిల్ పెట్టి స్పాంజితో రంగు అద్దడమే నిలుస్తుంది. గరుకు రాయిని వినైల్ పట్టుకోదు.

ఫైలు మిషను సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లేటప్పుడు సైజు మారిపోయిందని మరో గోల. అది మాయ కాదు, లెక్క. ఇంక్‌స్కేప్ 0.92 నుంచి అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్కపెడుతుంది, అంతకుముందు 90. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు 72 లెక్కపెడతాయి. 96కూ 72కూ తేడా వస్తే 100 మి.మీ. బొమ్మ 133 అవుతుంది, అటునుంచి ఇటు వస్తే 75 అవుతుంది. ప్రతి ఫైలు మూలలో 50 మి.మీ. చతురస్రం ఒకటి పెట్టి తీసుకెళ్లండి. అక్కడ అది 50 చూపిస్తే అన్నీ సరి, లేకపోతే మొత్తం ఎంచుకొని చతురస్రం 50 అయ్యేదాకా సైజు మార్చండి. తర్వాత దాన్ని తీసేయండి.

సిల్హౌట్ మిషను సాఫ్ట్‌వేర్ అయిన సిల్హౌట్ స్టూడియో ఉచిత రకం ఎస్‌వీజీ తెరవదు, దానికి డబ్బు కట్టి డిజైనర్ ఎడిషన్ తీసుకోవాలి. డీఎక్స్‌ఎఫ్ మాత్రం ఉచితంగానే తెరుస్తుంది. ఇంక్‌స్కేప్‌లో సేవ్ యాజ్ జాబితాలో డెస్క్‌టాప్ కటింగ్ ప్లాటర్ అనే పేరుతో ఉన్నది అదే. కొలత మిల్లీమీటర్లలో పెట్టండి. సిల్హౌట్ ప్రిఫరెన్సెస్‌లో ఇంపోర్ట్ దగ్గర ఫిట్ టు పేజ్ ఉంటే యాజ్ ఈజ్‌కు మార్చండి, లేదంటే అది కాగితం నిండా సాగదీస్తుంది. ఇంక్‌స్కేప్ నుంచే నేరుగా సిల్హౌట్ మిషనుకు పంపే ఉచిత ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది. చేయి తిరిగాక ప్రయత్నించవచ్చు.

క్రికట్ మిషను సాఫ్ట్‌వేర్ డిజైన్ స్పేస్ ఎస్‌వీజీ ఉచితంగానే తీసుకుంటుంది. అక్కడ గండం వేరు. మేక్ ఇట్ నొక్కగానే కాగితం మిగల్చాలని అది ముక్కలన్నిటినీ దగ్గరదగ్గరగా జరిపేస్తుంది. మన ఒత్తులు, తలకట్లు మ్యాట్ (షీటు అతికించి మిషనులో పెట్టే జిగురు పలక) మీద తలో మూలకు పోతాయి. "లక్ష్మి" లోని మకార ఒత్తు ఎక్కడిదో వెతుక్కోవాలి. మాట మొత్తాన్ని ఎంచుకొని అటాచ్ నొక్కితే ఏదీ కదలదు. గ్రూప్ చేస్తే చాలదు, అటాచే చేయాలి. 2021 మార్చిలో ఆ సంస్థ, చందా కట్టనివాళ్లు నెలకు 20 కంటే ఎక్కువ బొమ్మలు అప్‌లోడ్ చేయడానికి వీల్లేదని ప్రకటించి, వాడేవాళ్లంతా తిరగబడేసరికి అదే నెలలో వెనక్కి తగ్గింది. మీ డిజైన్ల అసలు ఎస్‌వీజీలు పెన్‌డ్రైవ్‌లో మీ దగ్గరే ఉండాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. డిజైన్ స్పేస్‌లో చేసిన దాన్ని ఎస్‌వీజీగా బయటికి తీసుకునే వీలు లేదు.

బొమ్మను గీతలుగా మార్చే ట్రేసింగ్ గురించి రెండు ముక్కలు. తెల్ల కాగితం మీద నల్ల మార్కరుతో గీసి 300 డీపీఐలో స్కాన్ చేసినది బాగా వస్తుంది. ఇంక్‌స్కేప్ ట్రేస్ బిట్‌మ్యాప్‌లో స్పెకిల్స్ విలువ పెంచితే దుమ్ము చుక్కలు పోతాయి. ట్రేస్ అయ్యాక అడుగున పాత బొమ్మ అలాగే ఉంటుంది, దాన్ని తీసేయాలి. పాత్‌లో వందలకొద్దీ నోడ్లు (గీత వంపు తిరిగే చోట ఉండే బిందువులు) పడితే మిషను గిరగిరా వణుకుతూ కోస్తుంది, అంచు రంపంలా వస్తుంది. కంట్రోల్, ఎల్ ఒకసారి నొక్కితే నోడ్లు తగ్గుతాయి. రెండు మూడుసార్లు నొక్కారంటే అ, ఆ, ఇ వంపులు సొట్టబోతాయి. సినిమా హీరోల ఫొటోలు, కార్టూన్ బొమ్మలు ట్రేస్ చేసి అమ్మడం చట్టం ఒప్పుకోని పని. ఎక్కువమంది చేస్తున్నారు కాబట్టి ఇబ్బంది లేదనుకోవద్దు.

కోత దగ్గరికొస్తే, క్రికట్ 12 అంగుళాల మ్యాట్ మీద బ్లేడు నడిచేది 11.5 అంగుళాలే, అంటే 292 మి.మీ. ఏ3 షీటు వెడల్పు 297. మ్యాట్ మీద పడుతుంది గానీ అంచుదాకా తెగదు. స్టేజీకి పెద్ద పేరు కావాలంటే ఒక్కో అక్షరం ఒక్కో షీటు మీద, దాని ఒత్తుతో సహా కోసుకోండి. ముక్క వెనక పెన్సిలుతో అంకె వేసుకోండి. ఎక్కడ ఏది అతికించాలో తెలియడానికి మాట మొత్తాన్ని ఏ4 మీద చిన్నగా ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. కొత్త షీటు పెట్టిన ప్రతిసారీ మూలలో సెంటీమీటరు సైజు సున్న ఒకటి కోసి చూడాలి. కార్డయితే సున్న ఊడి రావాలి, మ్యాట్ మీద గీత లోతుగా పడకూడదు. వినైల్ అయితే పై పొర తెగాలి, కింది కాగితం చెక్కుచెదరకూడదు. సున్న మొదలూ చివరా కలవకపోతే షీటు జారుతోందని, లేదా బ్లేడు మొద్దుబారిందని. రేడియం షాపుల్లోని పెద్ద ప్లాటర్ల మీదయితే బ్లేడ్ ఆఫ్‌సెట్ (బ్లేడు తిరిగే నడిమికీ దాని మొనకూ మధ్య దూరం) కూడా చూడాలి. మామూలుగా 0.25 మి.మీ. ఉంటుంది. అది తక్కువైతే మూలలు గుండ్రమవుతాయి, ఎక్కువైతే మూలల దగ్గర కొమ్ములు మొలుస్తాయి. బట్టల మీద వేసే హీట్ ట్రాన్స్‌ఫర్ వినైల్‌కు మెరిసే వైపు కిందికి పెట్టి, అక్షరాలను మిర్రర్ చేసి కోయాలి. ఇది మరిచిపోయి పాడైన టీషర్టులకు లెక్కలేదు.

మన వాతావరణం కూడా పనిలో భాగమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో కావలి, సింగరాయకొండ వైపు తీరంలో ఐవరీ షీటు తేమ పీల్చి మూలలు పైకి లేస్తుంది. లేచిన మూల బ్లేడుకు తగిలి చిరుగుతుంది. షీట్లు పాలిథిన్ కవరులో బల్లపరుపుగా పెట్టి పైన బరువు ఉంచండి. ఎండాకాలం రేకుల షెడ్డులో వినైల్ రోలు పెడితే జిగురు మెత్తబడి కాగితం వదలదు. మ్యాట్‌కు దుమ్ము పట్టి పట్టు పోతే గోరువెచ్చని నీళ్లతో, కొద్దిగా సబ్బుతో కడిగి ఆరబెడితే చాలావరకు తిరిగొస్తుంది. కోత మధ్యలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, మిషను ఆగిపోతుంది. తిరిగి అదే చోటి నుంచి కోయించడం కుదిరే పని కాదు. మిషనును కూడా ఇన్వర్టరు లైను మీద పెట్టుకోండి.

మలైకాజా డబ్బాలకు, పచ్చడి సీసాలకు స్టిక్కర్లు చేసేవాళ్లు ప్రింటరు సెట్టింగులో ఫిట్ టు పేజ్ తీసి యాక్చువల్ సైజ్ పెట్టాలి. చుట్టూ 2 మి.మీ. రంగు అదనంగా వదలాలి. అచ్చు ఎక్కడుందో మిషనుకు తెలియడానికి షీటు మూలల్లో నల్ల గుర్తులు ప్రింటవుతాయి. గ్లాసీ షీటు మీద వాటిని మిషను కన్ను చదవలేకపోతే, ఆ నల్ల గుర్తుల మీద మాత్రం మెరుపులేని పారదర్శక టేపు అతికించి చూడండి. కిటికీ వెలుతురు నేరుగా మిషను మీద పడకుండా తిప్పి పెట్టండి. ఇంకొక హెచ్చరిక: మీ మిషనుకు చేతకాని వినైల్‌ను లేజర్ కటింగ్ షాపుకు పంపొద్దు. పీవీసీని లేజరుతో కాలిస్తే క్లోరిన్ కలిసిన విషవాయువులు వస్తాయి, మనిషికీ మిషనుకూ చేటు. మందపు అక్రిలిక్, ఎండీఎఫ్ మాత్రం లేజర్ పనే, వాటికి ఈ ఇంటి మిషన్లను ఇబ్బంది పెట్టకండి.

జిల్లాలో మహిళలకు డీటీపీ, టైలరింగ్, ఎంబ్రాయిడరీ శిక్షణ ఇచ్చే కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఇంకా అను ఫాంట్లతోనే తెలుగు నేర్పుతున్న చోట్ల యూనికోడ్ కీబోర్డు, ఇంక్‌స్కేప్ కూడా కలపాలని మా మనవి. కటింగ్ మిషను లేకున్నా ఫైలు తయారీ నేర్పవచ్చు. ఫైలు సరిగా చేయగలిగినవాళ్లు పక్కవీధి రేడియం షాపులో కోయించుకొని అమ్ముకోవచ్చు, మిషను తర్వాత కొనుక్కోవచ్చు. మీ పత్రిక జిల్లా పేజీలో ఈ విషయానికి వారానికి ఒక చిన్న గడి ఇచ్చినా ఉపయోగమే.

మిషను కొనబోయేవారు షోరూములో ఇంగ్లీషు సీతాకోకచిలుక డెమో చూసి డబ్బు కట్టొద్దు. "శ్రీ లక్ష్మీప్రసన్న" అని మీరే ఇంక్‌స్కేప్‌లో కూర్చి, పైన చెప్పినట్టు యూనియన్ చేసి, ఎస్‌వీజీ, డీఎక్స్‌ఎఫ్ రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని వెళ్లండి. 250 జీఎస్ఎం ఐవరీ షీటు ఒకటి చంకన పెట్టుకొని, మీ ఎదుటే 120 మి.మీ. వెడల్పులో కోయమనండి. క్ష్మీ కింది ఒత్తు, ప్ర చుట్టూ క్రారవడి, న్న కింది ఒత్తు చిరగకుండా వచ్చాయో లేదో చూసి, స్కేలు పెట్టి కొలిచి, అడాప్టరు మీద 100–240 వోల్టులని రాసి ఉందో లేదో కూడా చదివి, అప్పుడు ధర అడగండి.

ఇట్లు,
డీటీపీ, స్టిక్కర్ కటింగ్ పనిలో ఉన్న కొందరు పాఠకులు,
నెల్లూరు.